కార్యకారణముల పట్టిక



మా కాసిపేట మొదలు మందమర్రి, బెల్లంపల్లి, రామగుండము, గోదావరిఖని వరకు గల బొగ్గుబావుల ఊళ్లలో తాతలు బావిలో దిగినవారు, తండ్రులు సర్దార్లుగను ఓవర్‌మెన్లుగను పనిచేసినవారు, మనుమలు హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుండువారు అగుట నేడు సాధారణమైనది. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఈ మార్పు మరింత వేగమందినది. పండుగకు ఇంటికి వచ్చిన మనుమని చేతి ఫోను అర్ధరాత్రి మ్రోగును. ఏమి నాయనా అని అడిగిన, “బిల్డు ఫెయిలయింది తాతా” అని లేచి కూర్చుండును. కట్టుచున్నది ఇల్లా, గుడియా, ఆనకట్టయా? పెద్దలకు బోధపడదు. ఆ బిల్డు అను మాట వెనుక ఏబదియేండ్ల చరిత్ర యొకటి కలదు. దానిని నేడు విన్నవించెదను.

ముందుగా ఆ పని స్వరూపము తెలియవలెను. కంప్యూటరునకు మనము ఇచ్చు ఆజ్ఞలను మనుష్యులు చదువగల భాషలో వ్రాయుదురు. అట్టి వ్రాత మూలము. యంత్రమునకు ఆ భాష తెలియదు కనుక కంపైలరు అను ప్రోగ్రాము ఆ మూలమును యంత్రభాషలోనికి మార్చును. చిన్న ప్రోగ్రామైన ఒక్క ఫైలుతో సరిపోవును. పెద్దదైనచో వందలు, వేలు ఫైళ్లుగా విభజించి వ్రాసి, ఒక్కొక్కదానిని వేరువేరుగా మార్చి, చివరకు అన్నిటిని జతపరతురు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్సు అను వ్యవస్థ మూలము నేడు మూడుకోట్ల పంక్తులకు మించినది. అందులో ఒక పంక్తి మార్చినప్పుడెల్ల అంతయు మరల మార్పించుట కాలహరణము. మార్చినదానిని, దానిపై ఆధారపడినవానిని మాత్రము మార్పించిన చాలును. అయితే దేనిపై ఏది ఆధారపడినది? చిక్కంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

వ్యాకరణము చదివినవారికి దీనిని తెలుపుట సులభము. చిన్నయసూరి బాలవ్యాకరణము పది పరిచ్ఛేదములు కలది. మొదటిది సంజ్ఞాపరిచ్ఛేదము. ద్రుతమనగా నేమి, ద్రుతప్రకృతికములేవి, కళలేవి అని అక్కడ నిర్ణయింపబడినది. ఆ నిర్ణయమును నమ్ముకొని రెండవదియైన సంధిపరిచ్ఛేదమున సూత్రములు నడచును. సంజ్ఞలో ఒక మాట కదల్చినచో, సంధిలో ఆ సంజ్ఞను వాడిన ప్రతి సూత్రమును తిరిగి చూడవలసియుండును. దానిని వాడని సూత్రములను ముట్టనక్కరలేదు. సీ అను కంప్యూటరు భాషలోను ఇట్టి సంజ్ఞాపరిచ్ఛేదములు కలవు. వానిని హెడర్ ఫైళ్లందురు. పలు ఫైళ్లకు ఉమ్మడిగా వలయు నిర్వచనములను అందు వ్రాసిపెట్టి, వలసిన ప్రతి ఫైలులోను “ఫలాని హెడరును ఇక్కడ చేర్చుము” అని ఒక పంక్తి వ్రాయుదురు. ఒక హెడరు మరియొక హెడరును, అది ఇంకొకదానిని చేర్చుకొనుటయు కలదు. కనుక ఒక్క ఫైలు వెనుక ఎన్ని ఉన్నవో దానిని వ్రాసినవానికైనను పూర్తిగా తెలియకపోవచ్చును.

ఇక చరిత్రలోనికి వత్తము. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున బెల్ ప్రయోగశాలలు కలవు. యూనిక్స్ వ్యవస్థ పుట్టినది అక్కడనే. 1976లో అచ్చట స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ అను యువకుడు పనిచేయుచుండెను. అతడు ప్రిన్స్‌టన్‌లో నక్షత్రశాస్త్రము చదివి, గణితములో డాక్టరు పట్టము పొందినవాడు. ఒకనాడు యాక్ అను ప్రోగ్రామును రచించిన స్టీవ్ జాన్సన్ అతని గదిలోనికి మండిపడుచు వచ్చెను. ఒక తప్పును వెదకుచు ఉదయమంతయు వ్యర్థము చేసికొనెనట. తీరా చూచిన, మూలములో ఆ తప్పు అంతకుముందే దిద్దబడియున్నది. దిద్దిన ఫైలును మరల కంపైలు చేయించుటయే జరుగలేదు. అతడు పరీక్షించుచున్నది పాత సరకు. ఫెల్డ్‌మన్‌ను కూడ ముందటి సాయంకాలము ఇట్టి చిక్కే వేధించియుండెను. ఆధారములను తానే పరిశోధించి తెలిసికొను ఒక పెద్ద సాధనమును నిర్మింపవలెనని అతనికి మొదట తోచినది. ఆలోచింపగా అది చాల సరళమైన మరియొక రూపమునకు దిగినది. ఆ వారపు సెలవు దినములలోనే దానిని వ్రాసి ముగించెను. దానికి మేక్ అని పేరు.

ఆ కాలమునకు మన హైదరాబాదులో, 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు టీడీసీ అను పేర కంప్యూటర్లను తయారుచేయుచునే యుండిరి. కావున ఇది మనకు ఎంతో దూరపు యుగము కాదు.

మేక్ పనిచేయు తీరు తర్కము తెలిసినవారికి ముచ్చట గొలుపును. మేక్‌ఫైలు అను పత్రములో మూడు సంగతులు వ్రాయుదురు. ఎడమప్రక్క కార్యము. కుడిప్రక్క దాని కారణములు. క్రింది పంక్తిలో ఆ కారణములనుండి కార్యమును పుట్టించు వ్యాపారము. ఘటము, మట్టి, కుమ్మరి చేయు పని అనుకొనుడు. మేక్ అను ప్రోగ్రాము కార్యమునకును కారణములకును గల తేదీలను, గడియలను పోల్చి చూచును. కారణము కార్యముకంటె క్రొత్తదైనచో కార్యము పాతబడినదని గ్రహించి మరల చేయించును. కారణమునకు వేరొక కారణమున్నచో ముందు దానిని చూచును. బొగ్గుబావిలో తూట్లు పొడిచి, మందు దట్టించి, పేల్చి, పొగ పోయిన పిమ్మట సర్దారు వెళ్లి పైకప్పు తట్టి చూచి, వదులైన పెళ్లలు రాల్పించి, ఊత లేర్పరచిన తరువాతగాని బొగ్గెత్తువారు లోనికి పోరాదు గదా. ఆ వరుసను ఒక కాగితముపై వ్రాసిపెట్టి యంత్రమునకు అప్పగించినట్లే ఇది.

ఇందొక చిన్న వింత కలదు. వ్యాపారమును వ్రాయు పంక్తి ట్యాబ్ అను మీటతోనే ఆరంభము కావలెను. ఖాళీస్థలముతో ఆరంభించిన మేక్ ఒప్పుకొనదు. కంటికి రెండును ఒక్కటే. దీనివలన ఎందరు క్రొత్తవారు విసిగిరో లెక్కలేదు. ఫెల్డ్‌మన్ ఈ నియమమును మార్చియుండవచ్చును. కాని వ్రాసిన కొద్ది వారములకే పండ్రెండుమంది దాకా దానిని వాడుచుండిరి. వారిలో మిత్రులే అధికులు. వారి పత్రములు పాడగునని సంకోచించి అతడు ఊరకుండెను. పండ్రెండుమందికై చూపిన ఆ మొగమోటము నేటి లక్షలమంది మెడకు చుట్టుకొన్నది! అయినను మేక్ ఉపకారము గొప్పది. 1979లో దానిని గూర్చిన వ్యాసము అచ్చయినది. 2003లో అమెరికా కంప్యూటరు పండితుల సంఘమువారు ఫెల్డ్‌మన్‌ను పురస్కారముతో గౌరవించిరి.

అతడు ఆ సెలవు దినములలో విడిచిపెట్టిన మొదటి ఊహను మరువకుడు. ఆధారములను సాధనమే కనిపెట్టవలెనన్నది ఆ ఊహ. దానిని విడిచినందున కారణముల పట్టికను మనుష్యుడే చేతితో వ్రాయవలసి వచ్చెను. తరువాతి చరిత్రయంతయు ఆ విడిచిన పనిని ఇతరులు పూర్తిచేయుటకు పడిన పాటు అని నా యభిప్రాయము.

చేతివ్రాత పట్టికలో దోష మెట్లు ప్రవేశించును? ఒకడు తన ఫైలులో క్రొత్త హెడరును చేర్చి, మేక్‌ఫైలులో ఆ సంగతి వ్రాయ మరచును. ఆనాడు ఏమియు కాదు. ఆరు నెలలకు మరియొకడు ఆ హెడరును మార్చును. పట్టికలో లేనందున మేక్ మొదటివాని ఫైలును మరల చేయింపదు. ఇప్పుడు ప్రోగ్రాములో సగము క్రొత్త నిర్వచనమును, సగము పాతదానిని నమ్మియుండును. దీని ఫలము పహాణీ తెలిసిన మీకు వెంటనే బోధపడును. పహాణీ నమూనాలో నడుమ ఒక గడి క్రొత్తగా చేర్చిరనుకొనుడు. క్రొత్త నమూనా ప్రకారము ఒకడు వ్రాయును. పాత నమూనా చేతబట్టుకొని మరియొకడు చదువును. విస్తీర్ణమున్న చోట శిస్తు చదువును. ఇద్దరి లెక్కయు వారి వారి మట్టుకు సరియైనదే. ఎవరిని నిలదీసినను తప్పు దొరకదు. కంప్యూటరులో ఇట్టి తప్పు కేకవేయదు. మౌనముగా తప్పు ఉత్తరువులిచ్చుచుండును. పనివాడు చేయునది లేక, ఉన్నదంతయు తుడిచివేసి మొదటినుండి కట్టించును. గంటలు గడచును. మేక్ పుట్టినది దేనికో ఆ ప్రయోజనమే పోయినది.

1980ల దశకములో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఎక్స్ విండో అను వ్యవస్థ పెరిగినది. తెరపై గవాక్షములవలె బొమ్మలు చూపునది ఇదియే. 1984లో మొదలై 1987 నాటికి పదునొకండవ రూపమునకు వచ్చినది. అంత పెద్దదానికి చేతివ్రాత పట్టికలు సాగవు. టాడ్ బ్రన్‌హాఫ్ అను నతడు మేక్‌డిపెండ్ అను ప్రోగ్రామును రచించెను. అది మూల ఫైళ్లను తానే చదివి, చేర్పు పంక్తులను వెదకి, దొరికిన పట్టికను మేక్‌ఫైలు అడుగున అంటించును. “ఈ గీతను చెరుపవద్దు” అని ఒక హెచ్చరిక వ్రాసి, దాని క్రింద తన పట్టికను ఉంచును. మేలే జరిగినది. కాని రెండు లోపములు మిగిలినవి. దానిని నడపుట మనుష్యుడు జ్ఞాపకముంచుకొనవలెను. పట్టిక వ్రాయ మరచినవాడు పట్టిక వ్రాయించుట మరువడా? రెండవది, అది కంపైలరు కాదు. కంపైలరు ఏ హెడరును ఏ చోట ఎత్తుకొనునో ఇది ఊహించి చెప్పునుగాని చూచి చెప్పదు.

చూచి చెప్పగలది కంపైలరు ఒక్కటియే. ఫైళ్లను నిజముగా తెరచి చదువునది అదియే గదా. రిచర్డ్ స్టాల్‌మన్ ఆరంభించిన గ్నూ ఉద్యమమువారి కంపైలరు 1987లో వెలువడినది. దానికి ఒక సంకేతమిచ్చిన, తాను చదివిన ఫైళ్ల పేర్లన్నిటిని మేక్‌కు అర్థమగు రూపమున వ్రాసి ఇచ్చును. ఆ ఉద్యమమువారికే స్టాల్‌మన్, రోలండ్ మెక్‌గ్రాత్ అనువారు రచించిన వేరొక మేక్ కలదు. అది ఒక మేక్‌ఫైలులో ఇతర పట్టికలను చేర్చుకొనగలదు. ఆ పట్టికలే పాతబడినచో వానిని ముందు మరల వ్రాయించి, తన పఠనమును మొదటినుండి ఆరంభింపగలదు. కావున ఒక్కొక్క మూలమునకు ఒక్కొక్క చిన్న పట్టిక ఏర్పడినది. మనుష్యుని జ్ఞాపకముతో పని తప్పినది.

అయినను ఒక అధికవ్యయము ఉండెను. పట్టికకై ఒకసారి, కంపైలు చేయుటకై ఒకసారి, ప్రతి ఫైలును రెండుమారులు చదువవలెను. ఇక్కడ టామ్ ట్రోమీ వచ్చెను. 1994లో డేవిడ్ మెకెంజీ మొదలిడిన ఆటోమేక్ అను సాధనమును, అనగా మేక్‌ఫైళ్లను వ్రాసిపెట్టు ప్రోగ్రామును, అతడు తిరిగి వ్రాసెను. దాని మొదటి రూపములలో పట్టికలను గ్రంథకర్త ఇంటనే తయారుచేసి అందరికి పంపుచుండిరి. పరుల యంత్రములలో హెడర్ల అమరిక వేరుగనుండును గనుక అది కుదురలేదు. అప్పుడు తేలిన యుక్తి నాకు ఈ చరిత్రయంతటిలో మిక్కిలి నచ్చినది.

అది ఇట్టిది. పట్టిక ఎందులకు? మరల చేయవలెనా వద్దా అని తెలియుటకు. మొదటిసారి ఏ కార్యమును పుట్టలేదు గనుక అన్నియు చేయవలసినవే. అప్పుడు పట్టికతో పనియే లేదు. పట్టిక అక్కరపడునది రెండవసారికి. కావున మొదటిసారి కంపైలు చేయుచుండగానే, చేయు పనికి తోడుగా, కంపైలరు పట్టికను వ్రాసిపెట్టిన చాలును. విడిగా ముందు చదువనక్కరలేదు. మూలములో ఎవడైన క్రొత్త హెడరును చేర్చినచో, ఆ మూలమే మారినది గనుక అది ఎట్లును మరల చేయబడును. అప్పుడు పట్టికయు తిరిగి వ్రాయబడును. పట్టిక ఎప్పుడును ఒక అడుగు వెనుకనున్నట్లు కనబడును గాని, దానివలన తప్పు పుట్టుటకు తావు లేదు. వంట వండుచు ఏ డబ్బానుండి ఏమి తీసితినో గోడపై గీసికొను ఇల్లాలికి, వంటకు ముందు జాబితా అక్కరలేదుగదా! ఒక్క చిక్కు మిగిలెను. హెడరును పూర్తిగా తీసివేసినప్పుడు పాత పట్టికలో దాని పేరుండి, “ఇది లేదు, చేయు విధము తెలియదు” అని మేక్ నిలిచిపోవును. ప్రతి హెడరునకు కారణములు లేని ఒక ఉత్త పంక్తిని పట్టికలో చేర్చి ఆ చిక్కును కూడ తీర్చిరి.

ఇంత జరిగినను పెద్ద ప్రోగ్రాములలో వేరొక రోగము కనబడెను. వేలకొలది ఫైళ్లను సంచులుగా విభజించి, సంచికొక మేక్‌ఫైలు ఉంచి, పై మేక్ క్రింది సంచులలోనికి వరుసగా దిగుచు వేరువేరు మేక్‌లను పిలుచుట ఆచారమైనది. పీటర్ మిల్లర్ అను ఆస్ట్రేలియావాడు 1997లో ఒక వ్యాసము వ్రాసి, ఈ ఆచారము హానికరమని వాదించెను. అది మరుసటి ఏట ఆ దేశపు యూనిక్స్ సంఘ పత్రికలో అచ్చయినది. మన గొలుసుకట్టు చెరువులను తలచుకొనుడు. ప్రతి చెరువునకు నీరటికాడు కలడు. తన తూమును తాను చక్కగా చూచుకొనును. పై చెరువు అలుగు ఎప్పుడు పారునో, క్రింది చెరువు కట్ట ఎంత నిండినదో అతనికి తెలియదు. ఎవనికి వాడు సమర్థుడే, గొలుసు మాత్రము తెగును. మిల్లర్ వాదమున ఒక్కొక్క మేక్‌కు దాని సంచి మాత్రమే కనబడును. ఒక సంచిలోని కార్యము మరియొక సంచిలోనిదానికి కారణమైనప్పుడు ఆ సంబంధము ఏ పట్టికలోను ఉండదు. దానికి ప్రతిగా సంచుల వరుసను జనులు చేతితో నిర్ణయింతురు, తప్పిన రెండుమారులు నడపుదురు. సంచి కొక చిన్న తునుక వ్రాసినను, అన్నిటిని చేర్చి ఒకే మేక్ మొత్తము చిత్రమును చూడవలెనని అతని సిద్ధాంతము. అతడు 2014లో స్వర్గస్థుడయ్యెను. వ్యాసమును ఇప్పటికిని చదువుచున్నారు.

లైనక్సు కథయు ఈ సందర్భముననే చెప్పదగినది. 2001లో వెలువడిన దాని 2.4 రూపమువరకు, తనకు కావలసిన భాగములను ఎంచుకొన్న ప్రతివాడును “మేక్ డెప్” అను ఆజ్ఞను విధిగా ఇచ్చి పట్టికలను వ్రాయించుకొనవలసియుండెను. మరచినవాని గతి పైన చెప్పినదే. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 రూపమున ఆ ఆజ్ఞ అవసరము తొలగెను. కై గెర్మషెవ్‌స్కీ, సామ్ రావ్న్‌బోర్గ్ మున్నగువారు ఆ కట్టుబడి పద్ధతిని తిరిగి తీర్చిరి. పని జరుగుచుండగానే పట్టిక వ్రాయబడు మార్గమునే వారును పట్టిరి. కాని కంపైలరు చెప్పిన సత్యమే వారికి బరువైనది. లైనక్సులో వేలకొలది ఐచ్ఛికములు కలవు. ఏవి కావలెనన్నారో ఏవి వద్దన్నారో ఒకే ఉమ్మడి హెడరులో వ్రాయబడును. ప్రతి ఫైలును దానిని చదువును. కంపైలరు నిజాయితీగా ప్రతి పట్టికలోను దాని పేరు వ్రాయును. ఒక్క ఐచ్ఛికమును మార్చిన మొత్తము లైనక్సు మరల కట్టవలసి వచ్చును. గెర్మషెవ్‌స్కీ ఫిక్స్‌డెప్ అను చిన్న ప్రోగ్రాము వ్రాసెను. అది పట్టికలోనుండి ఆ ఉమ్మడి హెడరు పేరును తీసివైచి, ఫైలు లోపల ఏ ఏ ఐచ్ఛికముల పేర్లు నిజముగా వాడబడినవో వెదకి, వానిని మాత్రము చేర్చును. వీధిలో దండోరా వినిన ప్రతివానిని కచ్చేరికి పిలువక, దండోరాలో పేరున్నవానినే పిలిచినట్లు. అంతేకాక, కంపైలు చేయు ఆజ్ఞను కూడ వారు వ్రాసిపెట్టుదురు. మూలము మారకపోయినను ఆజ్ఞ మారినచో కార్యము పాతబడినట్లే. ఫెల్డ్‌మన్ పోల్చిన తేదీలకు ఇది అందని విషయము.

2000లో అమెరికాలో కిట్‌వేర్ సంస్థవారు సీమేక్ అను సాధనమును ఆరంభించిరి. దానితో మేక్‌ఫైలును మనుష్యుడు వ్రాయుటయే చాలవరకు తప్పినది. తనకేమి కావలెనో చెప్పిన, మేక్‌ఫైళ్లను అదియే వ్రాయును.

ఇంతటితో పని ముగిసినదని తలచుచుండగా భాషలే మారినవి. ఫోర్ట్రాన్ భాషకు 1991లో వెలువడిన ప్రమాణముతోనే మాడ్యూలు అను విభాగములు వచ్చినవి. 2020 డిసెంబరులో వెలువడిన ప్రమాణముతో సీ ప్లస్ ప్లస్ భాషకును వచ్చినవి. హెడరు అలమారలో సిద్ధముగా నున్న పుస్తకమువంటిది, ఎప్పుడైన తీసి చదువవచ్చును. మాడ్యూలు అట్లు కాదు. దానిని ముందు కంపైలు చేసిన తరువాతగాని దానిని వాడు ఫైలును కంపైలు చేయ వీలులేదు. అనగా మొదటిసారికే వరుస తెలియవలెను! ట్రోమీ యుక్తికి ఆధారమైన “మొదటిసారి పట్టిక అక్కరలేదు” అను మాట ఇచ్చట చెల్లదు. అందుచేత కంపైలు చేయుటకు ముందే ఫైళ్లన్నిటిపై ఒక చూపు నడపి, ఎవరు ఏ మాడ్యూలును ఇచ్చుచున్నారు, ఎవరు ఏది కోరుచున్నారు అని తెలిసికొనవలసి వచ్చెను. వేరువేరు సంస్థల కంపైలర్లు ఆ సమాచారమును ఒకే నమూనాలో వ్రాయుటకు ఒడంబడినవి. 2023 డిసెంబరులో వెలువడిన సీమేక్ 3.28వ రూపము దానిని చదివి వరుస కట్టగలుగుచున్నది.

తార్కికులు ఆత్మాశ్రయము, అన్యోన్యాశ్రయము, చక్రకము, అనవస్థ అని దోషములను ఎన్నియున్నారు. ఆ మాటలు ఇక్కడ అక్షరాల పొసగును. రెండు హెడర్లు ఒకదానినొకటి చేర్చుకొన్నను, రెండవమారు చదువకుండ అడ్డుకట్ట వ్రాసి పనివారు గడుపుకొనుచుండిరి. గ్నూ మేక్ అయితే తన పట్టికలో చక్రకము కనబడినప్పుడు ఒక లంకెను తెంపివైచి, తెంపితినని ఒక మాట చెప్పి ముందునకు పోవును. నాకు అది నచ్చదు, ఏ లంకెను తెంపవలెనో నిర్ణయించుటకు దానికి అధికారమెక్కడిది? మాడ్యూళ్ల విషయములో అట్టి సర్దుబాటు లేదు. ఒకటి రెండవదానిని, రెండవది మొదటిదానిని కోరినచో ఏదియు ముందు పుట్టదు గనుక కట్టుబడి అక్కడనే ఆగిపోవును. అర్ధరాత్రి మనుమని ఫోను మ్రోగుటకు అదియును ఒక కారణము కావచ్చును.